అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్

అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ అనునది విదేశాలలో వాహనం నడపదలచిన వారికి స్వదేశంలోనే జారీ చేయబడే అనుమతి పత్రం. 1949 నాటి జెనీవా ఒప్పందం దీనికి ఆధారం. భారతదేశంలో దీనిని దరఖాస్తుదారు నివసించే ప్రాంతపు రవాణా శాఖాధికారి ఇస్తారు. కావున అనంతపురం వాసి మారిషస్‌లో కారు అద్దెకు తీసుకొని నడపదలిస్తే ప్రయాణానికి ముందే అనంతపురం రవాణా కార్యాలయంలో 4ఎ ఫారం ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. రుసుము 1000 రూపాయలు. గడువు 1 సంవత్సరం. లైసెన్సు గడువు అంతకంటే ముందే ముగిస్తే అప్పటివరకే.

ఇది లైసెన్సుకు అనువాదం వంటిదే గాని ప్రత్యామ్నాయం కాదు. అసలు లైసెన్సు కూడా వెంట ఉండాలి. పత్రాలు సరిగా లేనప్పుడు ప్రమాదం జరిగితే బీమా సంస్థ పరిహారం నిరాకరించవచ్చు. అప్పుడు నష్టమంతా కారు తీసుకున్నవారే భరించవలసి వస్తుంది.

మారిషస్‌లో రోడ్లు

19వ శతాబ్దంలో చెరకు తోటల కూలీలుగా వెళ్ళిన తెలుగువారి సంతతి ఈ ద్వీపంలో నేటికీ ఉంది. 1810 నుండి 1968 వరకు బ్రిటిష్ పాలన సాగినందున ఇక్కడ వాహనాలు మన దేశంలో వలెనే ఎడమవైపు నడుస్తాయి. అయితే 44వ జాతీయ రహదారిపై తిన్నగా సాగిపోవడానికి అలవాటుపడిన వారిని ఇక్కడి రౌండెబౌట్లు తికమక పెడతాయి. వీటిలో కుడివైపు నుండి వచ్చే వాహనానికి ముందు దారి ఇవ్వాలి. పొరుగునున్న ఫ్రెంచి ద్వీపం రీయూనియన్‌లో మాత్రం కుడివైపు నడపాలి.