ఈజిప్టు వాలీ గుత్తాధిపత్యం – 1838 నాటి బల్తా లిమాన్ ఒడంబడిక

విదేశాలతో వర్తకపు ఒడంబడికలు చేసుకునే అధికారం సాధారణంగా కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉంటుంది. కాని ఎగుమతి అయ్యే పంట పండేదీ, దిగుమతి అయ్యే సరుకు అమ్ముడయ్యేదీ రాష్ట్రాలలోనే. అందుచేత రాష్ట్ర పాలకుల ఆర్థిక విధానం కేంద్రం చేసే ఒడంబడికలపై ప్రభావం చూపక మానదు. ఈ ఇద్దరి మధ్య సామరస్యం ఉంటే దేశానికి మేలు. వైరం ఉంటే లాభపడేది మూడోవాడు. ఉస్మానియా సల్తనత్ చరిత్రలో 1838 నాటి బల్తా లిమాన్ ఒడంబడిక ఇందుకు గొప్ప నిదర్శనం.

ముహమ్మద్ అలీ పాషా 1805లో ఈజిప్టుకు వాలీ అయ్యాడు. పేరుకు ఆయన సుల్తాన్ నియమించిన రాష్ట్రపాలకుడు. ఆచరణలో ఇంచుమించు స్వతంత్ర ప్రభువు. ఇజారాదారులు శిస్తు వసూలు చేసే పాత పద్ధతిని ఆయన క్రమంగా తొలగించి, భూమి ఆదాయాన్ని నేరుగా ఖజానాకు చేర్చాడు. ప్రత్తి, వరి, గోధుమ, చెరకు మొదలైన పంటలను ప్రభుత్వమే తాను నిర్ణయించిన ధరకు రైతుల వద్ద కొని, అలెగ్జాండ్రియా రేవులో ఐరోపా వర్తకులకు ఎక్కువ ధరకు అమ్మేది. 1820 ప్రాంతంలో జూమెల్ అనే ఫ్రెంచి దేశస్థుని సహాయంతో పొడుగు పింజ ప్రత్తి సాగు మొదలయ్యాక ఈ ఆదాయం ఇంకా పెరిగింది. ఆ ధనంతోనే కొత్త పద్ధతి సైన్యం, ఓడల నిర్మాణ కేంద్రం, ఆయుధ కర్మాగారాలు, నూలు, బట్టల మిల్లులు వెలిశాయి.

ఈ గుత్తాధిపత్యానికి ఒక బలమైన కారణం ఉంది. ఐరోపా రాజ్యాలకు సుల్తానులు పూర్వం ఇచ్చిన రాయితీల ప్రకారం, వారి సరుకుపై నూటికి 3 వంతులకు మించి సుంకం వేయరాదు. దానిని పెంచే అధికారం వాలీకి లేదు. రేవులో సుంకం పెంచి తన మిల్లులను కాపాడుకోలేని పాలకుడు, దేశం లోపలి క్రయవిక్రయాలన్నీ తన చేతిలోకి తీసుకుని అదే పని సాధించాడు. పన్ను అధికారం లేని ఒక రాష్ట్ర ప్రభుత్వం ఆ విధంగా సామ్రాజ్యపు విదేశీ వర్తకాన్ని తనకు అనుకూలంగా మలచుకున్నది. బ్రిటిష్ వర్తకులకు ఇది కంటగింపు అయింది.

1831లో ముహమ్మద్ అలీ కుమారుడు ఇబ్రాహీమ్ పాషా సిరియాపై దండెత్తాడు. 1832 డిసెంబరులో కోన్యా వద్ద సుల్తాన్ సైన్యాన్ని ఓడించి, సాక్షాత్తు వజీరె ఆజమ్‌నే బందీగా పట్టుకున్నాడు. రెండవ మహమూద్ సుల్తాన్ గత్యంతరం లేక రష్యా సహాయం కోరవలసి వచ్చింది. 1838 మే నెలలో ముహమ్మద్ అలీ తాను స్వతంత్రం ప్రకటించుకోదలచినట్లు విదేశీ కాన్సుల్‌లకు తెలిపాడు. వాలీ బలానికి మూలం గుత్తాధిపత్యమనీ, దానిని ఒడంబడిక ద్వారా రద్దు చేస్తే సైన్యానికి జీతాలు ఇవ్వలేక ఆయనే కూలిపోతాడనీ బ్రిటిష్ వారు ఇస్తాంబూల్‌లో నచ్చజెప్పారు. ఆ ఆశ సుల్తాన్‌ను కదిలించింది.

1838 ఆగస్టు 16న బోస్ఫరస్ తీరాన బల్తా లిమాన్‌లో ఒడంబడికపై సంతకాలు జరిగాయి. సామ్రాజ్యమంతటా గుత్తాధిపత్యాలు రద్దయ్యాయి. ఈజిప్టుకు కూడా ఇది వర్తిస్తుందని పేరు పెట్టి వ్రాశారు. దిగుమతులపై మొత్తం సుంకం నూటికి 5గా, ఎగుమతులపై 12గా నిర్ణయమైంది. అంటే పరాయి సరుకు లోపలికి రావడం తేలిక, స్వదేశీ సరుకు బయటికి పోవడం భారం. బ్రిటిష్ వర్తకులు లోపలి సుంకాల బెడద నుండి తప్పించుకున్నారు. స్వదేశీ వర్తకులు మాత్రం వాటిని ఇంకా కొన్ని దశాబ్దాలు కడుతూనే ఉన్నారు. సుల్తాన్ స్వయంగా తన కొత్త సైన్యం ఖర్చు కోసం కొన్ని సరుకులపై గుత్తలు నడిపేవాడు. వాలీని దెబ్బతీయబోయి తన ఆదాయాన్ని కూడా ఆయన వదులుకున్నాడు. అదే సంవత్సరం ఫ్రాన్సు కూడా ఇటువంటి ఒడంబడికే చేసుకుంది. తక్కిన ఐరోపా రాజ్యాలు తర్వాత అదే దారి పట్టాయి.

విచిత్రమేమంటే, ఒడంబడిక వల్ల వాలీ వెంటనే కూలలేదు. 1839 జూన్ 24న నిజిప్ వద్ద ఆయన సైన్యమే మళ్ళీ గెలిచింది. కొద్ది రోజులకే సుల్తాన్ మరణించాడు. ఉస్మానియా నౌకాదళం అలెగ్జాండ్రియాకు వెళ్ళి వాలీ పక్షం చేరింది. చివరకు ముహమ్మద్ అలీని లొంగదీసినది 1840లో బ్రిటన్, ఆస్ట్రియా, ప్రష్యా, రష్యాల జోక్యం. 1841 నాటి ఫర్మానులు ఈజిప్టు పాలనను ఆయన వంశానికి ఇస్తూనే, సైన్యాన్ని 18,000కు పరిమితం చేసి, సామ్రాజ్యపు ఒడంబడికలను అక్కడ తప్పనిసరి చేశాయి.

వాలీ విధానం న్యాయమైనదని చెప్పడానికి వీలులేదు. ఫల్లాహ్‌కు తన పంటపై హక్కు లేదు. వెట్టిచాకిరీ, బలవంతపు సైనిక భర్తీ తట్టుకోలేక ఊళ్ళు వదలి పారిపోయినవారు ఎందరో. సరుకును బిగబట్టి ధర పెంచే ఇహ్తికార్‌ను గర్హించిన ఫిఖహ్ పండితుల దృష్టితో చూస్తే ఈ గుత్తను సమర్థించడం కష్టం. అయితే ఒడంబడిక వ్రాసినవారి లక్ష్యం ఫల్లాహ్ క్షేమం కాదు. గుత్త పోయినా ఎన్నో గ్రామాలు వాలీ బంధువుల, అధికారుల ఎస్టేట్లుగా మారాయి. మిల్లుల పతనానికి ఒడంబడిక ఒక్కటే కారణమని అనడమూ సరికాదు. బొగ్గు కొరత, యంత్రాల మరమ్మతు లోపం, సైన్యం తగ్గడంతో గిరాకీ పడిపోవడం కూడా కారణాలే.

కాని సామ్రాజ్యం పోగొట్టుకున్నది చాలా పెద్దది. ఆ తర్వాత పరాయి రాజ్యాల అంగీకారం లేకుండా దిగుమతి సుంకం పెంచే వీలు లేకపోయింది. 1861లో 8కి, 1907లో 11కి పెరిగినప్పుడు కూడా బేరసారాలు తప్పలేదు. 1854లో మొదలైన విదేశీ అప్పులు తీర్చలేక, 1881 నాటికి సల్తనత్ ఆదాయంలో ఒక భాగం అప్పులిచ్చినవారి యాజమాన్యంలోకి పోయింది. విదేశీయుల రాయితీలను 1914లో సల్తనత్ రద్దు చేసినా, ఇతర రాజ్యాలు దానిని ఒప్పుకున్నది 1923 నాటి లోజాన్ సంధిలోనే.

ఈజిప్టు గుత్తను సంస్కరించే మార్గాలు సల్తనత్ లోపలే వెతకవచ్చును. వాలీ, సుల్తాన్ ఇద్దరూ ఒకే ఖజానా క్షేమం కోరి కూర్చుని ఉంటే, 3 వంతుల సుంకాన్ని పెంచమని కలిసి అడిగే అవకాశం ఉండేది. ఒకరు స్వతంత్రం కోసం, మరొకరు ప్రతీకారం కోసం ప్రాకులాడడంతో, ఇద్దరి వర్తక విధానాన్నీ లండన్ నిర్ణయించింది. కేంద్రం తన రాష్ట్రాన్ని అణచడానికి పరాయివానితో వ్రాసుకున్న ఒడంబడిక, ఆ తగాదా ముగిసి తరాలు గడిచినా కేంద్రాన్నీ రాష్ట్రాన్నీ సమానంగా బంధించి ఉంచింది.