కొక్కెపు సూది

నేనీ సాయంకాలము మీకు వినిపింపబూనిన చరిత్రములో రాజులకు చోటు తక్కువ. వచ్చిన యొక్క రాణియు పనికి అడ్డుపడుటకే వచ్చినది. ఈ ప్రసంగమునకు కారణము ఒక జత ఉన్ని మేజోళ్ళు. వానిని మా పెద్దమ్మ అల్లినది.

మా పెద్దమ్మది నరసాపురమునకు సమీపముననున్న యొక పల్లె. పదియేండ్ల ప్రాయమున చేతబట్టిన లేసు సూదిని ఆమె డెబ్బదియేండ్లు దాటినను విడువలేదు. నిరుడు మార్గశిర మాసమున రాత్రులు కాళ్ళు చల్లబడుచున్నవని ఆమె చెప్పగా, నేనొక ఉన్నియుండను దీసికొనిపోయి, "పెద్దమ్మా, నువ్వే ఒక జత మేజోళ్ళు అల్లుకోరాదా?" అంటిని. ఆమె ఉండను చేతిలో త్రిప్పి చూచి, "నాకోసం అల్లుకోవడమా! ఇన్నేళ్ళలో ఎప్పుడైనా అల్లుకున్నానటే?" అని నవ్వినది. ఆ నవ్వు నన్ను పుస్తకములవైపునకు మరలించినది.

మేజోడు మనము తలచునంత క్రొత్త వస్తువు కాదు. ఐగుప్తు దేశమున నైలునదీ ప్రాంతమునందలి ఆక్సిరింకస్ అను ప్రాచీన పట్టణపు శ్మశానభూమిలో దొరకిన యెఱ్ఱని ఉన్ని మేజోళ్ళు లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలయందున్నవి. అవి క్రీస్తుశకము 250కిని 420కిని నడుమ అల్లినవని పండితుల నిర్ణయము. చెప్పులతో కలిపి తొడుగుకొనుటకై బొటనవ్రేలికి వేఱుగ నర యేర్పరచినారు. మన చెప్పుల పట్టెడకును సరిగా సరిపోవును! వానిని ఒంటిసూదితో, చిన్న చిన్న దారపు తునుకలు తీసికొని, ముడివలె దూర్చుచు అల్లినారు. నేటి మన కొక్కెపుసూది పని వేఱు.

పిమ్మట ఐరోపాలో రెండుసూదుల అల్లిక పెరిగినది. 1589లో ఇంగ్లండునందలి కాల్వర్టను గ్రామపు విలియం లీ మేజోళ్ళల్లు యంత్రమును నిర్మించెను. చేతితో అల్లుకొని బ్రదుకువారి నోటికూడు పోవునని ఎలిజబెత్తు రాణి అతనికి హక్కుపత్రము నిరాకరించెనని ప్రసిద్ధి. లీ ఫ్రాన్సునకు పోయెను. అచట ఆదరించిన నాలుగవ హెన్రీ 1610లో హత్యచేయబడెను. లీయు కొలదికాలమునకే ఆ దేశముననే గతించెను. యంత్రము మాత్రము బ్రదికినది. 1811లో నాటింగ్‌హాం ప్రాంతపు మేజోళ్ళ పనివారు కూలి చాలక ఆ మగ్గములనే విఱుగగొట్టిరి. రాణి భయము వట్టిది కాదేమో యని నాకనిపించును.

కొక్కెపుసూది పని వీనియన్నిటిలో చిన్నది. ఫ్రెంచి భాషలో కొక్కెమునకు 'క్రో' అని పేరు. 'క్రోషే' యనగా చిన్న కొక్కెము. దాని మచ్చులు అచ్చున మొదట కానవచ్చినది 1820ల నాటి 'పెనెలోపె' యను డచ్చి పత్రికలో. అది తీరికగల దొరసానుల వినోదము. కొంతకాలమునకు అదియే ఆకలిగొన్నవారి కూడైనది. 1845లో ఐర్లండునందు బంగాళదుంపపైరు తెగులుపడి మహాక్షామము వచ్చినది. క్రైస్తవ సన్న్యాసినులును, క్లోన్స్ అను నూర కసాండ్రా హ్యాండ్ వంటి స్త్రీలును బీదయిండ్ల ఆడువారికి క్రోషే లేసు నేర్పిరి. మగవాని పొలము ఎండిన యింట ఆడుదాని సూది పొయ్యి వెలిగించినది.

ఇంచుమించుగా ఆ కాలముననే ఆ సూది గోదావరి తీరమును చేరినది. మిషనరీలు తమ మతము పుచ్చుకొన్న బీదస్త్రీలకు లేసుపని నేర్పిరి. అది క్రమముగా ఇతర కులముల యిండ్లకును, గడపదాటరాని ఘోషా స్త్రీలకును ప్రాకినది. ధవళేశ్వరపు ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసినది. ఆనకట్ట కట్టించిన కాటను దొరకు మన యూరూర విగ్రహములున్నవి. సూదికి విగ్రహము నేనెచ్చటను చూడలేదు.

ఇక నా మనస్సును నొప్పించు విషయము. దారము వర్తకునిది, మచ్చు పరదేశపు కొనుగోలుదారునిది, నడుమ దళారి. పువ్వొకరు, అంచొకరు అల్లుదురు, అతుకువారు మఱియొకరు. అల్లినామెకు తన పువ్వు ఏ దేశపు బల్లనెక్కునో తెలియదు. మరియా మీస్ అను జర్మను విదుషీమణి ఈ ప్రాంతమున నుండి పరిశీలించి 1982లో నరసాపురపు లేసు పనివారలను గూర్చి యొక గ్రంథము ప్రకటించినది. ప్రపంచవిపణికై గంటలకొలది పాటుపడు స్త్రీలను 'ఇంట ఊరక కూర్చుండువారు' అని లోకమెంచుటయు, ఆ పేరిటనే వారి కూలి అత్యల్పమగుటయు ఆమె బయటపెట్టినది. జనాభా లెక్కలవాడు మా యింటికి వచ్చినపుడు మా పెద్దమ్మ కూడ 'ఇంటిపని' అనియే చెప్పినది. నేను ప్రక్కనే యుంటిని. అప్పుడామె ఒడిలో సగమల్లిన లేసున్నది! 2024లో నరసాపురపు క్రోషే లేసునకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. సంతోషమే. ఊరిపేరు నిలిచినది.

మేజోళ్ళ మాటకు వత్తును. పెద్దమ్మ వ్రేళ్ళకొననుండి మొదలిడినది. పది కుట్ల గొలుసు వేసి, దాని రెండు ప్రక్కల చుట్టును కురుచకుట్లతో ఇరువది చేసినది. వరుస విడిచి వరుసలో నాలుగేసి కుట్లు పెంచగా నలువదియైనవి. అటుపై పెంచక తగ్గింపక గొట్టమువలె చీలమండవఱకు అల్లుకొనిపోయినది. అచట చిన్న యుపాయమున్నది: సగము కుట్లను, అనగా ఇరువదింటిని, విడిచి, వాని మీదుగా ఇరువది గొలుసుకుట్లు వంతెనవలె వేసి, మరల చుట్టుచు పోవలెను. మేజోటికి నోరువంటి చీలిక మిగులును. పైయంచు ముగిసిన వెనుక ఆ చీలిక చుట్టును, రెండు మూలలయందును తగ్గించుచు అల్లి మూసినచో మడమ యగును. మడమ చిరిగినచో అదియొక్కటియే విప్పి క్రొత్తది వేసికొనవచ్చును. పైయంచునకు కుట్టు వెనుకపోగునందే సూది గ్రుచ్చినచో అది సాగుచు పట్టుకొనును.

ఆమె అల్లుచుండగా నేను గడియారము చూచుచుంటిని. జతకు పదునొకండు గంటలు పట్టినవి. ఆ మాట చెప్పితే నమ్మలేదు. "పొద్దుపోకకు చేసినదానికి గంటలేమిటే?" అన్నది. దళారి లెక్కన ఈ పనికి ఎంత వచ్చునని యడిగితిని. చెప్పినది. ఆ సంఖ్యను పదునొకంట భాగించి కాగితముపై వ్రాసి చూపితిని. చాలసేపు చూచినది, అద్దములు తీసి తుడుచుకొని మరల చూచినది, ఏమియు అనలేదు.

రెండవ మేజోడు మొదటిదానికంటె రెండు వరుసలు పొడవు. "ఇది వెనక్కి పంపేస్తారు, విప్పేస్తాను" అని అలవాటు చొప్పున కొన వెదకసాగినది. అంతలో పంపువారెవరును లేరని తోచెను కాబోలు, సూదిని డబ్బాలో పెట్టి, రెండింటిని కాళ్ళకు తొడుగుకొని, దీపము తగ్గింపుమన్నది.