గెమ్మి కనుమపై ఒక దినము

ఆల్ప్సు పర్వతముల చరిత్ర యనగానే శిఖరములను జయించిన సాహసికుల పేర్లే మొదట వినవచ్చును. 1786 ఆగస్టు 8వ తేదీన మోఁ బ్లాఁ శిఖరము నెక్కిన బాల్మా, పకార్డులును, 1865 జూలై 14న మాటర్‌హార్న్ నెక్కి, దిగునప్పుడు నలుగురు సహచరులను గోల్పోయిన వింపరును లోకప్రసిద్ధులు. ఇప్పుడు శ్రోతలకు నివేదించునది అట్టి విజయగాథ కాదు. ఒక సామాన్యవనిత వేసవి తొలిదినములలో ఒక కనుమ దాటిన వృత్తాంతము.

1841లో లెస్టర్ పట్టణము నుండి లఫ్‌బరోకు ఒక్క షిల్లింగు రుసుముతో మద్యనిషేధసభకు జనులను రైలులో గొనిపోయిన థామస్ కుక్, 1863 జూన్ 26న లండను నుండి ఒక యాత్రికబృందమును స్విట్జర్లండు దిక్కునకు నడిపించెను. ప్రభువుల బిడ్డలకే దక్కుచుండిన ఆ వినోదము మధ్యతరగతి కుటుంబములకు అందుబాటులోనికి వచ్చుటకు ఆ యాత్రయే నాంది. అందు యార్కుషైరు వాసిని జెమీమా మొరెల్, ఆమె సోదరుడు విలియం, వారి మిత్రులు కొందరు ఉండిరి. వీరు తమకు పరిహాసముగా ‘జూనియర్ యునైటెడ్ ఆల్పైన్ క్లబ్’ అని పేరు పెట్టుకొనిరి.

ఆ పరిహాసములో ఒక ముల్లు దాగియున్నది. 1857లో లండనులో స్థాపితమైన అసలు ఆల్పైన్ క్లబ్బులో స్త్రీలకు ప్రవేశము లేదు.

జూలై మాసారంభమున ఈ బృందము ల్యూకర్‌బాద్ అను గ్రామము చేరెను. అది ఉష్ణజలముల ఊరు. సుమారు 1,400 మీటర్ల ఎత్తున నున్న ఆ ఊరి వెనుక కొండ నిలువుగోడవలె లేచియుండును. క్రింద నుండి చూచువారికి అందు దారి యున్నట్లే తోచదు. కాని 1739-1741 సంవత్సరముల నడుమ ఆ రాతిగోడను తొలిచి వంకరటింకరగా నొక బాట నిర్మించిరి. 1861లో ఒక ఫ్రెంచి ప్రభువంశజురాలు కంచరగాడిదపై దిగుచు జారిపడి మరణించుటచే, ఆ బాటను స్వారిచేసి దిగుట నిషిద్ధమయ్యెను. ఆ విషాదము జరిగి రెండేండ్లే గడచిన తరుణమున, పాదములను గప్పు పావడాలు ధరించు కాలమున, ఈ వనితలు ఆ మార్గమున ముందుకు సాగిరి.

సుమారు 900 మీటర్లు పైకెక్కినచో గెమ్మి కనుమ. వెనుదిరిగి చూచిన వలే ప్రాంతపు హిమశిఖరములు వరుసదీరి కనుపించును. ఆవల దౌబెన్‌సే అను సరస్సు. పైకి కనబడు కాలువ యేదియు దానినుండి వెలువడదు. నీరు భూగర్భమున నింకిపోవును. చెట్టు లేని ఆ రాతినేలను దాటి, దేవదారు వనముల గుండ దిగి, కాండర్‌స్టెగ్ చేరవలెను.

జెమీమా ఈ యాత్రను మిత్రుల కొఱకు దినచర్యగా వ్రాసెను. అది మరుగునపడి, రెండవ ప్రపంచయుద్ధానంతరము లండను శిథిలములలో ఒక రేకుపెట్టెలో దొరికి, 1963లో, అనగా యాత్ర జరిగిన నూరేండ్లకు, గ్రంథముగా వెలువడెను.

1871లో లూసీ వాకర్ మాటర్‌హార్న్ శిఖరము నెక్కినను ఆ క్లబ్బు తలుపు తెఱువలేదు. 1974లో గాని స్త్రీలకు సభ్యత్వము లభింపలేదు. కొండ మాత్రము ఎవరిని ఆటంకపరచెను? జెమీమా నడచిన దారి నేటికిని ఉన్నది. ప్రక్కనే గాలిలో తీగపై పెట్టె పోవుచున్నను, వేసవిలో మంచు కరగగానే నడువదలచినవారు ఆ రాతిబాటనే ఎక్కుచున్నారు.