ఇంట్ల లెక్క, ఖార్ఖానల లెక్క

చెప్పులు బయట విడిచి, చప్పుడు చేయకుండా ఈ గడప పక్కన కూర్చోండి. బుగ్గారంలో ఆదివారం. పదికి ఇంకా ఐదు నిమిషాలుంది. అరుగు మీద మా అక్క ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. లోపల కుట్టుమిషను బల్ల మీద లాప్‌టాప్, పక్కన నాలుగు తెల్ల కాగితాలు, ఒక పెన్సిలు. వాటి ముందు నా మేనకోడలు. నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీలో ఇంజనీరింగ్ పూర్తిచేసింది. అమెరికాలో ఎమ్మెస్‌కి జీఆర్ఈ రాయాలి. అసలు పరీక్షకు ఇంకా మూడు వారాలుంది, ఇవ్వాళ్టిది ఉత్తుత్తిది. ఆమె ఫోను నా జేబులో ఉంది. నా ఫోను హాట్‌స్పాట్ ఇస్తోంది.

"మామా, వ్యాసం ఇడిసిపెడుదామా? దానికి మార్కులెయ్యరు గదా."

"రాయి బిడ్డా."

ఆమె అన్నది నిజమే. జీఆర్ఈ నడిపే ఈటీఎస్ ఉచితంగా ఇచ్చే పవర్‌ప్రెప్ పరీక్షల్లో వ్యాసానికి మార్కులు రావు. కానీ అసలు పరీక్షలో మొట్టమొదట వచ్చేది ఆ అరగంటే. బుర్రలోని తాజాదనం కాస్త అది తాగేశాకే ఇంగ్లీషు అడిగే వర్బల్, లెక్కలడిగే క్వాంట్ మొదలవుతాయి. 2023 సెప్టెంబరులో పరీక్షను 1 గంట 58 నిమిషాలకు కుదించారు. అందులోంచి కూడా అరగంట కోసేసుకుని రాస్తే అది వేరే పరీక్షే అవుతుంది.

పదిన్నర. వర్బల్ మొదటి భాగం, 18 నిమిషాల్లో 12 ప్రశ్నలు. తెర మూలన గడియారం వెనక్కి నడుస్తోంది. నాలుగో ప్రశ్న దగ్గర ఆమె చూపుడువేలు టచ్‌ప్యాడ్ మీద ఆగిపోయింది. వాక్యంలో రెండు ఖాళీలు. పెదాలు కదుపుతూ ఒక్కో మాటనూ పెట్టి చూస్తోంది, తీసేస్తోంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను బద్ధకంగా మూడు చుట్లు తిరిగి ఆగింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది, గడియారమూ ఆగలేదు. ఆమె నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. చున్నీతో మెడ తుడుచుకుని అయిదో ప్రశ్నకు పోయింది. వాకిట్లోంచి పొరుగింటావిడ "పిల్ల ఏంజేస్తుందే?" అని మొదలుపెట్టబోతే, అక్క కత్తెర పట్టుకున్న చేత్తోనే ఆగమని సైగ చేసింది.

అసలు పరీక్ష రాసే హైదరాబాదు హాల్లో కరెంటు పోదు కదా, ఈ ఉక్కపోత కూడా లెక్కేనా అంటారేమో. అక్కడ పక్క కుర్చీ కీబోర్డు టకటకలుంటాయి. ఆ పరాకు బదులు ఈ పరాకు.

ఈలోగా గోడ మేకుకు వేలాడుతున్న ఆ పుస్తకం అందుకోండి. అక్క బీడీల లెక్క అది. వెనక అట్ట లోపల మేనకోడలు రాసుకున్న అంకెలు నాలుగున్నాయి: 301, 306, 309, 321. చూడ్డానికి మెట్లెక్కినట్టే ఉంది. కాదు. మొదటి రెండూ రెండు ప్రైవేటు కంపెనీల పరీక్షలు. 306 నాడు మధ్యలో లేచి అన్నం తినొచ్చింది. 309 మొదటి పవర్‌ప్రెప్. 321 కూడా అదే, పది రోజులాగి మళ్లీ రాసింది. ప్రశ్నలు ముఖం తెలిసిన చుట్టాల్లా ఎదురొచ్చాయి. దుబాయిలో ఉన్న మా బావకు ఫోన్లో చెప్పింది మాత్రం ఈ 321నే. ఆయన రూములో అందరికీ చెప్పేశాడు.

నన్నడిగితే ఈ నాలుగింట్లో నమ్మదగ్గది 309 ఒక్కటే. జీఆర్ఈలో మొదటి భాగం ఎలా రాశామన్నదాన్ని బట్టి రెండో భాగం తేలికగానో కఠినంగానో వస్తుంది. ఎన్ని ఒప్పులకు ఎంత స్కోరన్న తూకం ఈటీఎస్ దగ్గరుంది. మిగతా కంపెనీలు దాన్ని ఊహించి కట్టుకుంటాయి. ఉచిత పవర్‌ప్రెప్‌లు ఉన్నవే రెండు. ఒకదాన్ని ఈ పిల్ల రెండోసారి రాసి పాడుచేసుకుంది. రెండోది ఇవ్వాళ తెరిచింది, అందుకే నా ఈ కాపలా. ఇదీ రాతిగీత కాదు. అదే మనిషి అదే చదువుతో మళ్లీ రాసినా వర్బల్‌లోనూ క్వాంట్‌లోనూ రెండు మూడు పాయింట్లు అటూ ఇటూ కావడం మామూలే.

"ఎందుకు తమ్మీ, గన్నిసార్లు రాసుడు?" అక్క గొంతు తగ్గించి అడిగింది.

అసలు దాంట్లో ఎంతొస్తదో ముందే తెలుస్తుందని చెప్పాను. ఆమె రేకు పెట్టి తునికాకు కత్తిరించింది, చిటికెడు తంబాకు పోసి చుట్టింది, దారం బిగించి మూతి లోపలికి నొక్కింది. ఇదంతా నేను చెప్పింది విన్నంతసేపట్లోనే.

"నేను ఇంట్ల వెయ్యి లెక్కవెట్టుకొని పోత. ఖార్ఖానల లూజున్నయి, మూతి సక్కగ లేనియి తీసేస్తరు. టీవీ సూసుకుంట చుట్టిన నాడు ఎక్కువ పోతయి."

పదకొండు యాభై ఎనిమిది. క్వాంట్ 164, వర్బల్ 150. మొత్తం 314. పిల్ల ముఖం వాడింది, దృష్టంతా 321 మీదే. లెక్కపుస్తకంలో నేను "310 నుంచి 318" అని రాశాను.

"గిదేంది మామా, కూరగాయల బేరమా?"

మూడు వారాల తర్వాత హైదరాబాదులో పరీక్ష కేంద్రం బయట నేను రెండో చాయ్ తాగుతున్నాను. ఇరవై వేలు దాటిన ఫీజు, లోపలికి పోయేముందు ఖాళీ చేసిన జేబులు, ఆమె ఫోను మళ్లీ నా దగ్గర. క్వాంట్, వర్బల్ అంకెలు పరీక్ష ముగియగానే తెర మీద కనిపిస్తాయి. మెట్లు దిగుతూనే చెప్పింది: 166, 146. మొత్తం 312. మొత్తం చెప్పినట్టే వచ్చింది గానీ లోపల సర్దుబాటు మారింది. క్వాంట్ రెండు పెరిగితే వర్బల్ నాలుగు జారింది. ఎమ్మెస్‌కి ఇదే నయమని నాకనిపించింది. ఆమెకింకా అనిపించలేదు.

అమ్మకు ఫోను కలిపి స్పీకర్ పెట్టింది.

"ఇంట్ల ఎంతుండె?"

"మూడొందల పద్నాలుగు."

"ఆడ?"

"మూడొందల పన్నెండు."

"రెండే పోయినయా? మంచిగనే చుట్టినవ్ పో."

ఫోను పెట్టేసి నా చేతిలో పెట్టింది.

"బాపుకు నువ్వే చెప్పు మామా."