చేతిపనికి చదువులో చోటు: వార్ధా నుంచి ఐటీఐ దాకా

1882 హంటర్ కమిషన్ హైస్కూల్లో వృత్తి విద్యకు వేరే శాఖ సూచించింది. అయినా గుమాస్తా ఉద్యోగమిచ్చే చదువుకే గిరాకీ. 1937 అక్టోబరులో వార్ధా సమావేశంలో గాంధీజీ ఈ వరుసను తిరగేశారు: చేతివృత్తి ద్వారానే లెక్కలు, భాష నేర్పాలన్నారు. జాకీర్ హుస్సేన్ కమిటీ పాఠ్యప్రణాళిక తయారుచేసింది. 1939లో కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేయడంతో ఊపు తగ్గింది.

1950 నాటి క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్ దారి వేరు. ఐటీఐలో ఫిట్టర్, కుట్టుపని, కాస్మెటాలజీ చేతులతో చేస్తూ నేర్చుకుంటారు. నైపుణ్యం దక్కింది, కానీ అది బడి చదువు నుంచి విడిపోయింది. 2020 విద్యా విధానం 6–8 తరగతుల పిల్లలను పది రోజులు బ్యాగు లేకుండా స్థానిక వృత్తికారుల దగ్గరకు పంపమంటోంది.

మెయిన్స్‌లో ఈ కోణం మరవకండి: లోపం పథకాలదే కాదు, చేతిపనిని కులంతో ముడిపెట్టి చిన్నచూపు చూసిన సమాజానిది కూడా.