ముప్పదింట నొకటి

మా డైరీ ఫార్మ్ వాసులకు ఓడ విలువ నెవరును వేరుగా చెప్పనక్కరలేదు. తుపాను హెచ్చరిక వలన మెయిన్‌లాండు నుండి రావలసిన ఓడ నాలుగు దినములు ఆలస్యమైనచో అంగడిలో ఉల్లిపాయల ధర పెరుగును; టమాటా కంటికి కనబడదు. కచేరి నుండి ఇల్లు చేరినంతనే ఇల్లాలు "ఓడ వచ్చినదా?" అని మొదట అడిగి, "కాఫీ త్రాగెదరా?" అని తరువాత అడుగును. విశాఖపట్టణము నుండి ఓడ హడ్డో రేవునకు చేరిన నాడు మనవారి మొగములలో పండుగకళ కనబడును. సచివాలయమున కాగితముల నడుమ ప్రొద్దు పుచ్చు నావంటివానికి కూడ, సముద్రమును నమ్ముకొని బ్రతుకుట యనగా నేమో ఈ దీవి నేర్పినది. కళాశాలలో పరీక్షకొరకు తేదీ మాత్రము కంఠస్థము చేసి విడిచిన శాసన మొకదానిని ఇచ్చటికి వచ్చిన పిదపనే నేను నిజముగా చదివితిని. అది కాకతి గణపతిదేవుని మోటుపల్లి శాసనము.

గోడమీది భారతదేశపు పటములో అండమానులు ఒక మూల నుండును; అది దేశమునకు తుద యని తోచును. ఆ పటమును కొంచెము తూర్పునకు జరిపి చూడుడు. పడమట కృష్ణా గోదావరుల ముఖద్వారములు, తూర్పున తవాయి, మెర్గుయి, తెనాస్సెరిము రేవులు, ఈశాన్యమున పెగూ, ఆగ్నేయమున సుమత్రా కొనయందలి ఆచే. వీని నట్టనడుమ మనము. 2024 లో శ్రీ విజయపురమని పేరు మారిన మన పోర్టు బ్లెయిరు ఒకప్పుడు ఏ రాజ్యమునకును తుద కాదు. తెలుగు ఓడలు తూర్పునకు పోవు త్రోవలోని ప్రమాదస్థలము. నేటి వార్తాపత్రికలు "శీఘ్రముగా నభివృద్ధి చెందుచున్న విపణులు" అని వ్రాయు బర్మా, సయాము, మలయా, సుమత్రా దేశములు మన పూర్వులకు పాత బేరగాండ్రు. ఆ బేరము ఎట్లు నిలిచెను, ఎట్లు చెడెను అనునదియే ఈ వ్యాసమునకు విషయము.

ఆ కాలపు ఓడ గాలికి లోబడినది. ఒక ఋతుపవనముతో పోవలెను. మరియొక ఋతుపవనముతో రావలెను. నడుమ నెలల తరబడి పరాయి రేవున కాచుకొని యుండవలెను. అచ్చట జబ్బుపడవచ్చును, చనిపోవచ్చును. త్రోవలో తుపాను పట్టవచ్చును. పట్టినచో రెండు విధములైన నష్టము. సముద్రము తీసికొనునది మొదటిది. ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన మిగులు సరకును ఆ ఒడ్డునేలు రాజు తనదనుట రెండవది. ఓడ పగిలినచో ఆ సరకు రాజుదే యనునది నాడు అనేక దేశముల ఆచారము. ఐరోపా ఖండమున కూడ ఇట్టి హక్కు నుండెను.

మన దీవులకు కూడ ఈ కథలో భాగము కలదు. పగిలిన ఓడలోని వారు అండమాను తీరమున ప్రాణములతో మిగులరను భయము నావికులలో తరతరములుగా నుండెను. ఆదివాసులకు వారి భయము వారికి నుండెను. తీరమునకు వచ్చినవారందరును ఓడ పగిలినవారు కారు, మనుష్యులను ఎత్తుకొనిపోవువారును ఉండిరి. 1789 లో ఆర్చిబాల్డు బ్లెయిరు చాతాము దీవిలో మొదటి స్థావరము నెలకొల్పినపుడు చెప్పిన కారణములలో ఓడ పగిలిన నావికులకు రక్షణ యొకటి. 1858 లో ఖైదీల స్థావరము వచ్చినపుడును ఈ మాట మరల వినబడెను. ఇచ్చట పద్దెనిమిదవ శతాబ్దమున ఆలోచించిన ఈ సంగతిని మోటుపల్లి రేవున పదుమూడవ శతాబ్దముననే ఒక తెలుగు రాజు రాతిపై చెక్కించెను.

గణపతిదేవుడు (1199–1262) ఓరుగల్లు నేలిన రాజు. ఓరుగంటికి సముద్రము లేదు. వెలనాడును, దివిసీమను వశపరచుకొనిన పిదపనే ఆయనకు తీరము దక్కెను. మోటుపల్లి చినగంజాము సమీపమున నున్నది. నేడు చిన్న పల్లె, నాడు పెద్ద రేవు. అచ్చటి వీరభద్రాలయమున ఒక స్తంభముపై శక సంవత్సరము 1166 నాటి, అనగా క్రీ.శ. 1244 నాటి శాసనము కలదు. దాని సారాంశము నిది. పూర్వపు రాజులు ఒక దేశమునుండి మరియొక దేశమునకు పోవుచు తుపానుచే పగిలి ఒడ్డునకు చేరిన ఓడలనుండి బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సమస్తమును బలాత్కారముగా తీసికొనుచుండిరి. మేమట్లు చేయము. ప్రాణములకంటె ధనమే మిన్న యని తలచి సముద్రయానపు సాహసమునకు పూనుకొనినవారికి, నిర్ణయించిన సుంకము తప్ప మిగిలినదంతయు దయతో విడిచితిమి. ఆ సుంకము ఎగుమతికిని దిగుమతికిని ముప్పదింట నొకటి.

ఈ శాసనమునకు అభయశాసనమని ప్రసిద్ధి. కాని నన్నాకర్షించినది అభయము కాదు, అంకె. దయ యను మాట రాజులందరి శాసనములలోను దొరకును. అంకె యరుదు. వర్తకుడు సుమత్రాలో కర్పూరము కొనునపుడే మోటుపల్లిలో ఎంత చెల్లింపవలెనో లెక్క కట్టుకొనగలడు. శాసనము ఇంతటితో ఆగక శ్రీగంధము, కర్పూరము, చీనా కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, జవ్వాది, రాగి, సీసము, పట్టునూలు, పగడములు, మిరియములు, పోకలు అని సరకులను వరుసగా పేర్కొని వేరువేరుగా రేట్లు నిర్ణయించెను. సుంకపుఠాణా గుమాస్తా తన యిష్టము వచ్చినట్లు "ఇది కర్పూరము కాదు, మరియొకటి" యని వాదించుటకు సందు తక్కువ. ప్రభుత్వోద్యోగములో ఇరువది యేండ్లు గడిపినవాడు ఈ పంక్తుల విలువను పండితునికంటె కొంచెము త్వరగా గ్రహించును.

ఈ శాసనము వెలసిన అర్ధశతాబ్దమునకు మార్కో పోలో ఈ తీరమును గూర్చి వ్రాసెను. మోటుపల్లిని ఆయన ముత్ఫిలి యనెను. వజ్రములను, సాలెగూటి వంటి సన్నని వస్త్రములను, న్యాయముగా నేలిన ఒక రాణిని కొనియాడెను. ఆ రాణి మన రుద్రమదేవియే. ఆమెను మృతరాజు భార్యగా చెప్పుట ఆయన పొరపాటు. ఆమె గణపతిదేవుని కుమార్తె.

1323 లో ఓరుగల్లు పడెను. రాజ్యము పోయినచో రాజు ఇచ్చిన మాటయు పోవును. ఓడలు మరియొక రేవు వెదకికొనును. కనుకనే రెడ్డిరాజైన అనపోతారెడ్డి 1358 లో, అనగా మొదటి శాసనమునకు 114 సంవత్సరముల పిదప, అదే మోటుపల్లిలో మరల శాసనము వేయించెను. తెలుగుతోపాటు తమిళమున కూడ చెక్కించుట, చదువవలసినవా రెవరో ఆయన ఎరిగియుండుటకు నిదర్శనము. ఇందులోని మాటలు గణపతిదేవుని మాటలకంటె ఒక మెట్టు ముందునకు పోయినవి. పరదేశపు వర్తకులు వచ్చి నివసింపదలచినచో గౌరవించి, ఉండుటకు భూమి నీయవలెను. వెడలిపోదలచినచో ఆటంకపెట్టక మర్యాదతో సాగనంపవలెను. తెచ్చిన సరకును వా రెవరికైనను తమ యిష్టప్రకారము అమ్ముకొనవచ్చును; దానిని బలాత్కారముగా తీసికొనరాదు. బంగారముపై సుంకమును మాన్పిరి. గంధముపై సుంకమును తగ్గించిరి. అపుత్రికధనమును రాజు తీసికొను ఆచారమును కూడ వదలిరి. కుమారులు లేక పరదేశమున మరణించినవాని సొత్తు రాజుపాలగునను భయమున్న వర్తకుడు ఎంతకాలము నిలువగలడు? ఋతుపవనమునకై ఆరునెలలు కాచుకొను మనిషికి ఇది చిన్న సంగతి కాదు. రాజు వర్తకుని ఓడను మాత్రమే కాక వాని చావును కూడ తలపోసినాడు.

దీని ఫలము శ్రీనాథుని హరవిలాసమున కనబడును. ఆ కావ్యమును కృతి నందినవాడు అవచి తిప్పయసెట్టి, కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు సుగంధద్రవ్యములు సమకూర్చిన వర్తకశ్రేష్ఠుడు. ఆయన యింటికి చీనా పట్టు, సింహళపు ఏనుగులు, హురుమంజి గుఱ్ఱములు, పంజారపు కర్పూరము వచ్చెనని కవి చెప్పును. హురుమంజి పారసీక సముద్రద్వారమునందలి ఓర్ముజు. పంజారము సుమత్రా పడమటి తీరమని పండితుల నిర్ణయము. తరుణాసీరి, తవాయి యను పేర్లును ఆ కావ్యమున కలవు. మన దీవులకు తూర్పున, ఇదే సముద్రమున కావలి యొడ్డున నున్న రేవు లివి. ఒకే యింటివారు పడమట ఓర్ముజుతోను, తూర్పున సుమత్రాతోను బేరము సాగించుట గమనింపదగినది. ఒక దిక్కున గాలి తప్పినచో మరియొక దిక్కున ఓడ యుండెను.

పదునారవ శతాబ్దాంతమున మోటుపల్లి స్థానమును మచిలీపట్నము ఆక్రమించెను. గోలకొండ సుల్తానుల రేవు. పెగూ, అరకాను, తెనాస్సెరిము, ఆచేలకు ఇచ్చటినుండి వస్త్రములు పోవుచుండెను. చిరివేరు ఎరుపునకు నిజాంపట్నము పెట్టినది పేరు. ఐరోపావారు దానిని పెటపోలి యనిరి. 1611 లో ఆంగ్లేయుల ఓడ "గ్లోబు" వచ్చినపుడు దానిలో నుండిన పీటర్ ఫ్లోరిసు వ్రాసికొనిన దినచర్య చదువదగినది. మన తీరమున కొనిన అద్దకపు గుడ్డలను ఆయన పటానీ రేవునకు తీసికొనిపోగా అచ్చటి మలయావారు కొనరైరి. కారణము? వారికి అంచున సన్నని తెల్లచార కావలెను. అది లేదు. అంత చిన్న లోపమునకు సరకంతయు నిలిచిపోయెను. తెల్లచార సంగతి మన తీరపు పాత వర్తకులకు తెలియును. క్రొత్తగా వచ్చిన ఫ్లోరిసుకు తెలియలేదు. కొనువాని అభిరుచి నెరుగుట తరముల పరిచయము వలన వచ్చు విద్య.

ఫ్లోరిసు కథ ఇంతటితో తీరలేదు. మచిలీపట్నపు అధికారపదవిని ఎక్కువ పాట పాడినవారికి గుత్తకిచ్చు ఆచార ముండెను. పాట సొమ్ము రాబట్టుకొనుటకు అధికారి వర్తకులను పిండవలెను; వారికీయవలసిన బాకీలు తీర్పక జాపవలెను. 1614 లో ఇట్టి బాకీ వసూలు కాక విసిగిన ఫ్లోరిసు, అధికారి కుమారుని సుంకపుఠాణాయందే పట్టుకొని ఓడపై నిలిపియుంచి సొమ్ము రాబట్టెను! పరదేశి వర్తకునికి రాతిపై అభయ మిచ్చిన తీరముననే ఇది జరుగుట నాకు వింతగాను, బాధగాను తోచును. ముప్పదింట నొకటి యని వ్రాసిన స్తంభమునకు ఈ రేవు ఎంతో దూరము లేదు.

రేటు నమ్మదగినది కానపుడు బలము గలవాడు తనకొక్కనికి మినహాయింపు అడుగును. డచ్చివా రడిగిరి, ఆంగ్లేయు లడిగిరి. తరువాత అబ్దుల్లా కుతుబ్‌షా ఆంగ్లేయులకు "బంగారు ఫర్మానా" ఇచ్చి సుంకములలో విశేషమైన రాయితీలు కలిగించెను. స్థానిక వర్తకుడు మాత్రము యథాప్రకారము చెల్లించుచుండెను. గణపతిదేవుడు అందరికి ఒక్క రేటు ఇచ్చెను. సుల్తాను ఒకనికి ఒక్క కాగితమిచ్చెను. ఆ కాగితమే మచిలీపట్నమును ముంచినదని నేననను. 1641 లో డచ్చివారు మలక్కాను పట్టుకొనుట, 1679 నాటి ఘోరమైన తుపాను, 1687 లో గోలకొండ పతనము, మద్రాసు పెరుగుదల, ఇన్ని కారణములు కలవు. అయినను తెలుగు ఓడ తన రేవులోనే పరాయి యగుటకు మొదటి మెట్టు అదియే యని నా యభిప్రాయము. అతిథియై వచ్చినవాడు ఉత్తర సర్కారులకు యజమాని యగుటకు సుమారు నూట యేబది యేండ్లు మాత్రమే పట్టెను.

తరువాతి కాలమున కోరంగి, కాకినాడ, విశాఖల నుండి రంగూనునకు ఓడలు నడచినవి. కాని అవి తీసికొనిపోయినది వస్త్రములను కాదు, మనుష్యులను. రేవు కూలీలుగా పోయినవారికి అచ్చట అభయశాసనము లేదు. 1930 లో రంగూను రేవున తెలుగు కూలీలపై జరిగిన దారుణమును, 1942 లో కాలినడకను వచ్చినవారి కష్టములను ఉత్తరాంధ్ర కుటుంబములు నేటికిని చెప్పుకొనును.

ఆగ్నేయాసియా దేశముల కూటమితో మన దేశము 2009 లో సరకుల వర్తకపు ఒడంబడిక చేసికొనెను. 2010 జనవరి 1 నుండి అది అమలులోనికి వచ్చెను. 2023 లో దానిని సమీక్షింప ఉభయులును అంగీకరించిరి. రేట్ల పట్టికలు వందల పుటలు. గణపతిదేవుని స్తంభమునకు వీనికి వంశపు పోలిక స్పష్టముగా నున్నది.

మొన్నటి సెలవులో చినగంజామునకు పోయి మోటుపల్లి చూచితిని. దేవాలయమున మరెవరును లేరు. దగ్గరలో రొయ్యల చెరువు గల యొక రైతు నాతో లోపలికి వచ్చి రాతిపై వ్రాలను వ్రేలితో తడవి, ఏమున్నదని యడిగెను. ముప్పదింట నొకటి సుంకమని చెప్పితిని. అతడు కొంతసేపు లెక్క వేసికొనెను. ఆంధ్రతీరపు రొయ్యలలో చాలభాగము అమెరికాకు పోవును. 2025 ఆగస్టులో ఆ దేశము మన సరకులపై సుంకమును నూటికి ఏబదికి పెంచినది.

"నూటికి మూడు చిల్లరన్నమాట," అనెను. "ఎన్నాళ్లు అట్లాగే ఉంచారండీ?"

రాజ్యము పడువరకు, తరువాత మరల ఇంకొక రాజు వ్రాయించెనని చెప్పితిని. అతడు తల యూపి, ఏరేటరు ఆగిపోయినదేమో చూడవలెనని చెరువువైపు నడచెను.