క్లీనింగ్ టైమ్‌టేబుల్ వెనక 180 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్ ఒక ఎక్సెల్ షీట్‌తో మొదలవుతుంది.

జాబ్‌లో చేరిన కొత్తలో హైదరాబాద్‌లో నలుగురం కుర్రాళ్లం ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. నలుగురం బీటెక్కే. మొదటి నెల అయ్యేసరికి సింక్‌లో గిన్నెలు గుట్టలా పేరుకున్నాయి. రెండో నెలలో బాత్రూమ్ తలుపు తీయాలంటే ధైర్యం కావాల్సి వచ్చింది. సరే, ఇంజనీర్లం కదా, దీనికో సిస్టమ్ పెడదాం అని ఒక ఆదివారం కూర్చున్నాం. ఆరు పనులు, నాలుగు పేర్లు, ఏడు రోజులు. పని అయితే ఆకుపచ్చ, కాకపోతే ఎరుపు. ఆ షీట్ సరిగ్గా మూడు వారాలు బతికింది. నాలుగో వారానికి ఎరుపు రంగు వేసేవాడు కూడా లేడు.

అప్పట్లో ఆ షీట్ మా సొంత ఐడియా అని తెగ ఫీలైపోయాం. అస్సలు కాదు. ఇంటి పనిని రోజుల వారీగా గడుల్లో పెట్టడం అనే ఆలోచనకి పెద్ద చరిత్రే ఉంది. ఆ చరిత్ర చదివితే మా షీట్ ఎందుకు చచ్చిపోయిందో కూడా నాకు అర్థమైంది.

1841కి వెళ్దాం. అమెరికాలో క్యాథరిన్ బీచర్ అనే టీచర్ ఇంటి నిర్వహణ మీద ఒక పెద్ద పుస్తకం రాసింది. 'అంకుల్ టామ్స్ క్యాబిన్' రాసిన హ్యారియెట్ బీచర్ స్టో ఈమె చెల్లెలే. ఆ పుస్తకంలో వారం మొత్తానికి ఒక పద్ధతి చెప్తుంది. సోమవారం వారానికి కావాల్సిన ఏర్పాట్లు. మంగళవారం బట్టలు ఉతకడం. బుధవారం ఇస్త్రీ. గురువారం మిగిలిన ఇస్త్రీ ముగించి, బట్టలు సర్ది, చిరిగినవి కుట్టడానికి పక్కన పెట్టడం. శుక్రవారం ఇల్లు ఊడ్చి శుభ్రం చేయడం. శనివారం అల్మారాలూ సామాన్ల గదీ సర్దడం. బట్టలకి ఏకంగా మూడు రోజులా అనిపిస్తుంది కదా? నీళ్లు మోయాలి, కట్టెల మీద కాయాలి, చేత్తో రుద్దాలి, పిండాలి, ఆరేయాలి. తర్వాత ఇనుప పెట్టెని పొయ్యి మీద వేడి చేసి ఇస్త్రీ చేయాలి. మూడు రోజులు పట్టక ఏం చేస్తుంది!

ఇంకో విషయం, బీచర్ పెళ్లి చేసుకోలేదు. దేశమంతా ఆడవాళ్లకి సంసారం ఎలా నడపాలో చెప్పిన మనిషికి చాలా ఏళ్లు స్థిరమైన ఇల్లంటూ లేదు. ఇది ఎగతాళికి చెప్పట్లేదు. టైమ్‌టేబుల్ రాసే మనిషి వేరు, దాని ప్రకారం వంగి పనిచేసే మనిషి వేరు కావడం ఈ కథలో మళ్లీ మళ్లీ వస్తుంది. అందుకే చెప్తున్నా.

అసలు హీరోయిన్ ఎంట్రీ 1912లో. ఆ ముందు ఏడాదే ఫ్రెడరిక్ టేలర్ ఫ్యాక్టరీలని ఎలా నడపాలో ఒక పుస్తకం అచ్చేశాడు. పనివాడి పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడి, ఒక్కో కదలిక కొలిచి, అనవసరమైనవి తీసేయడం, ఇదీ ఆయన సిద్ధాంతం. ఇదే దారిలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్ ఇటుకలు పేర్చే పనిని 18 కదలికల నుంచి 5కి తగ్గించాడు. మన ఆఫీసుల్లో టికెట్లు, ఎస్టిమేట్లు, "ఈ టాస్క్‌కి ఎన్ని గంటలు పడుతుంది?" అని అడిగే మేనేజర్ ఉన్నారు కదా, ఆ చెట్టుకి వేరు అక్కడే ఉంది.

న్యూయార్క్ దగ్గర క్రిస్టీన్ ఫ్రెడరిక్ అనే యువతి ఉండేది. డిగ్రీ చదివింది, ఇద్దరు చిన్నపిల్లలు, ఇంటి పనితో అలిసిపోయి ఉంది. భర్త, ఆయన స్నేహితుడు ఇంట్లో కూర్చుని ఈ ఫ్యాక్టరీ కబుర్లు చెప్పుకుంటుంటే విని, ఇదే మన ఇంట్లో ఎందుకు చేయకూడదు అనుకుంది. తను గిన్నెలు కడిగే తీరుని తనే గమనించి చూసుకుంది. కడగడంలోనే 80 తప్పుడు కదలికలు చేస్తున్నానని లెక్క తేల్చింది! ఎంగిలి గిన్నెలు సింక్‌కి కుడివైపు, కడిగినవి ఎడమవైపు, సింక్ ఎత్తు నడుము వంగక్కర్లేకుండా. ఇలాంటివన్నీ రాసి 1912లో 'లేడీస్ హోమ్ జర్నల్' పత్రికలో వ్యాసాలుగా ఇచ్చింది. మరుసటి ఏడాది అవి 'ద న్యూ హౌస్‌కీపింగ్' పేరుతో పుస్తకంగా వచ్చాయి. ఇంటినే ఒక ప్రయోగశాలగా మార్చి, కొత్త పరికరాలు పరీక్షించేది. ఇల్లాలికి డైలీ షెడ్యూలు, వీక్లీ షెడ్యూలు, కార్డుల్లో రికార్డులు, అన్నీ ఉన్నాయి. మా ఎక్సెల్ షీట్‌కి ముత్తవ్వ ఈమే.

ఈ మాట సముద్రాలు దాటింది. ఆమె పుస్తకం జర్మన్‌లోకి అనువాదమైంది. అది చదివినవాళ్లలో మార్గరెట్ షూటె-లిహోట్‌స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ ఒకరు. 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కార్మికుల కోసం కొత్త ఇళ్లు కడుతుంటే, ఆమె సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవున్న చిన్న వంటగది డిజైన్ చేసింది. అడుగులు తగ్గాలి, అన్నీ చేతికి అందాలి. అలాంటివి దాదాపు 10,000 కట్టారు. మీ అపార్ట్‌మెంట్‌లో గోడ పొడవునా గ్రానైట్ గట్టు, పైన కప్‌బోర్డులు, ఒక మనిషి నిలబడితే ఇంకో మనిషికి చోటు చాలని కిచెన్ ఉందా? అలాంటి మాడ్యులర్ కిచెన్లకి పెద్దమ్మ అదే. ఒక్క మనిషి కోసమే డిజైన్ చేశారు. ఆ ఒక్కరు ఎవరో చెప్పక్కర్లేదుగా.

సరే, షెడ్యూలు వచ్చింది, కిచెన్ మారింది, తర్వాత వాక్యూమ్ క్లీనర్లు, వాషింగ్ మెషీన్లు వచ్చాయి. మరి పని తగ్గిందా?

1974లో జోఆన్ వానెక్ అనే పరిశోధకురాలు పాత సర్వేల లెక్కలన్నీ తీసి పక్కపక్కన పెట్టింది. బయట ఉద్యోగం చేయని అమెరికన్ గృహిణి 1920లలో వారానికి 52 గంటలు ఇంటి పని చేసేది. 1960లలో? 55 గంటలు. నలభై ఏళ్ల మెషీన్ల తర్వాత మూడు గంటలు పెరిగింది! మొదటిసారి ఇది చదివినప్పుడు ప్రింట్ తప్పేమో అనుకున్నా.

దీనికి జవాబు రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో రాసిన 'మోర్ వర్క్ ఫర్ మదర్' పుస్తకంలో ఉంది. పాతకాలంలో ఇంటి పని ఇంటిల్లిపాదిదీ. మగవాళ్లు కట్టెలు కొట్టేవాళ్లు, ధాన్యం పిండి పట్టించుకొచ్చేవాళ్లు. పిల్లలు నీళ్లు మోసేవాళ్లు. మెషీన్లు, ఫ్యాక్టరీలు వచ్చి ముందు ఎవరి పని తీసేశాయి? మగవాళ్ల పని, పిల్లల పని. గ్యాస్ వచ్చాక కట్టెలు కొట్టక్కర్లేదు, కుళాయి వచ్చాక నీళ్లు మోయక్కర్లేదు. వంట మాత్రం ఎవరో ఒకరు చేయాల్సిందే. ఇంకో పక్క, డబ్బిచ్చి బయట ఉతికించుకునే బట్టలు మెషీన్ రాగానే ఇంట్లోకి తిరిగొచ్చాయి. మెషీన్ ఉంది కదా అని బట్టలు, దుప్పట్లు తరచుగా మార్చడం మొదలైంది. మెషీన్‌తో పాటు శుభ్రం అనే మాటకి అర్థం కూడా పెరిగిపోయింది.

ఇక్కడ నేను పుస్తకం మూసేసి కాసేపు ఆగిపోయా. ఎందుకంటే ఇది అమెరికా కథ కాదు, గుంటూరు జిల్లాలో మా ఇంటి కథ.

మా నానమ్మ చెప్పేది. వాళ్ల కాలంలో బట్టలు చాకలివాళ్లు తీసుకెళ్లి రేవులో ఉతికి తెచ్చేవాళ్లు. దానికి పంట వచ్చినప్పుడు ఇంత అని గింజలు కొలిచి ఇచ్చేవాళ్లు. నేను ఆరో తరగతిలో ఉండగా మా ఇంటికి వాషింగ్ మెషీన్ వచ్చింది. అప్పటి నుంచి బట్టల పని మొత్తం అమ్మది. నానడం, తిరగడం మెషీన్ చూసుకుంటుంది. కాలర్లు రుద్దడం, జేబులు వెతకడం, ఆరేయడం, వానొస్తే పరిగెత్తి తీయడం, మడత పెట్టడం అమ్మ పనులు. నాన్న మాత్రం "మెషీన్ ఉందిగా" అనేవారు.

అలాగని పాత రోజులే బాగుండేవి అని నేను చెప్పను. ఆ గింజల లెక్క కులం లెక్క. తెలంగాణలో దొరల ఇళ్లకి చాకలి కులస్తులు కూలి లేకుండా వెట్టి చేయాల్సి వచ్చేది. విసునూరు దేశ్‌ముఖ్‌ని ఎదిరించి తన పంట కాపాడుకున్న పాలకుర్తి చాకలి ఐలమ్మ ఆ నేల మీద మనిషే. పాయిఖానా సంగతి ఇంకా ఘోరం. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ మన దేశంలో చట్టం వచ్చింది 1993లో, 2013లో ఇంకోటి తేవాల్సి వచ్చింది. మన పూర్వీకుల శుచి, శుభ్రత అని వాట్సాప్ ఫార్వర్డ్‌లు వస్తుంటాయి కదా, అందులో ఈ మనుషులు కనిపించరు.

నిజానికి మన ఇళ్లలో టైమ్‌టేబుల్ ఎప్పుడూ ఉంది, ఎవరూ కాగితం మీద పెట్టలేదంతే. తెల్లారకముందే వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లి ముగ్గేయడం రోజువారీ పని. తెలంగాణలో సాన్పి చల్లడం అంటారు. శుక్రవారం వస్తే గడప కడిగి పసుపు రాయడం. మట్టి ఇళ్లయితే పేడతో అలకడం. సంక్రాంతి ముందు బూజులు దులిపి, గోడలకి సున్నం వేసి, అటక మీద సామానంతా కిందికి దించి, ఇత్తడి బిందెలు చింతపండుతో తోమడం. క్యాలెండరే రిమైండర్. పండగ ముంచుకొస్తోంది అని అమ్మ కంగారు పడుతుంటే, పండగంటే సంబరపడాలి గానీ కంగారెందుకు అని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. ఆమెకి అది ప్రొడక్షన్ రిలీజ్ డేట్!

మన దేశపు లెక్క కూడా ఒకటి చెప్పి ముందుకెళ్తా. 2019లో మన కేంద్ర ప్రభుత్వం దేశమంతా టైమ్ యూజ్ సర్వే చేసింది. ఆరేళ్లు దాటినవాళ్లలో, ఆ రోజు జీతం లేని ఇంటి పని ఏదో ఒకటి చేశామన్న ఆడవాళ్లు 81.2 శాతం, మగవాళ్లు 26.1 శాతం. అలా చేసినవాళ్లలో కూడా ఆడవాళ్లది సగటున రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లది 97 నిమిషాలు.

క్రిస్టీన్ ఫ్రెడరిక్‌కి చివరికి ఏమైందో చెప్పలేదు కదా. ఇల్లాళ్ల అలసట తీర్చడానికి బయల్దేరిన ఆమె, మెల్లగా పరికరాల కంపెనీలకి ప్రచార పుస్తకాలు రాసేవైపు వెళ్లింది. 1929లో ఆమె రాసిన పెద్ద పుస్తకం గృహిణులకి వస్తువులు ఎలా అమ్మాలో వ్యాపారులకి నేర్పేది. గిన్నెలు కడగడంలో 80 తప్పులు పట్టుకున్న మనిషి, ఆ గిన్నెలు భర్త కూడా కడగొచ్చు కదా అనే ప్రశ్నని మాత్రం తన సిద్ధాంతానికి మూలం చేసుకోలేదు. నాకు ఆమె మీద గౌరవం ఉంది, నిజంగా. ఇంటి పని కూడా పనే, దానికీ బుర్ర కావాలి అని అంత గట్టిగా చెప్పినవాళ్లు అప్పట్లో తక్కువ. కానీ పని ఎలా చేయాలి అని వంద పేజీలు రాసినా, ఎవరు చేయాలి అన్న గడి ముందే నింపేసి ఉంది.

మా షీట్‌లో ఆ గడి ఖాళీగానే ఉంది, నాలుగు పేర్లూ సమానంగా రాశాం. మరి ఎందుకు చచ్చిపోయింది?

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఫోన్ పట్టుకుని అమ్మ పక్కన కూర్చున్నా. "అమ్మా, ఇల్లు శుభ్రంగా ఉండాలంటే నువ్వు ఏమేం చేస్తావో చెప్పు, రాసుకుంటా" అన్నా. "నీకెందుకురా ఇవన్నీ" అని నవ్వి, వత్తులు చేసుకుంటూనే చెప్పడం మొదలుపెట్టింది. ముప్పై దాటాక కూడా ఆగలేదు. మా షీట్‌లో ఉన్నవి ఆరు. చీపురు అరిగిపోకముందే ఇంకోటి తెచ్చి పెట్టుకోవడం, తుడిచే గుడ్డని మళ్లీ ఉతకడం, గ్యాస్ బండ కింద బొద్దింకలు చేరాయేమో చూడడం, కుళాయి ఫిల్టర్ గుడ్డ మార్చడం. ఇందులో సగం పనులు చేతులతో చేసేవి కావు, కళ్లతో చేసేవి. ఎవరో ఒకరు రోజూ ఇల్లంతా గమనిస్తూ ఉండాలి. మా నలుగురిలో ఆ డ్యూటీ ఎవరికీ వేయలేదు, ఎందుకంటే అదొక పని అని మాకు తెలీదు.

లిస్టులో "ఫ్రిజ్ వెనక ట్రే" అని ఒకటి చెప్పింది. ఫ్రిజ్ వెనక ట్రే ఏంటమ్మా అన్నా. ఆమె నన్ను చూసిన చూపు మీకు చూపించలేను. చాలా ఫ్రిజ్‌లకి వెనక కింద చిన్న ట్రే ఉంటుంది, మంచు కరిగిన నీళ్లు అందులో చేరతాయి. డెంగీ దోమ గుడ్లు పెట్టడానికి ఇష్టపడే చోట్లలో అదొకటి. హైదరాబాద్ వచ్చిన రోజు రాత్రే టార్చ్ వేసి చూశా. నిండా నీళ్లు, అందులో కదులుతున్న పురుగులు. మూడేళ్లుగా అదే ఫ్రిజ్.

ఆ ట్రే ఇప్పుడు శనివారం గడిలో ఉంది, పక్కన నా పేరు. మీ ఫ్రిజ్ వెనక ఏముందో చూసి కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.